మొదటి అయ్యో

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. ముందుగదిలో కుర్చీకి జారగిలబడి ఫోన్లో ఆట చూస్తున్న మొగుడు. వంటగదిలో గిన్నెలు సర్దుతూ తనలో తనే మాట్లాడుకుంటున్న అత్తయ్య. మేడ మెట్ల మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీ తిప్పకుండా చదువుతున్న ఆడపడుచు. బాత్రూములో గడియ పెట్టుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చున్న పార్లరమ్మాయి. కడుపులో ఉన్న ప్రాణాన్ని కూడా కలిపితే అయిదుగురు. ఆ అయిదో మనిషి పొద్దున్నుంచే బయటికి వచ్చే ప్రయత్నంలో ఉన్న సంగతి మాత్రం పార్లరమ్మాయి ఒక్కదానికే తెలుసు.

తొమ్మిదేళ్ళుగా బజారు చివర ఉన్న బ్యూటీ పార్లర్లో పనిచేస్తోంది కాబట్టి వీధంతా ఆమెను పార్లరమ్మాయి అనే అంటారు. డాక్టరు చెప్పిన తారీకుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈ తొమ్మిది రోజుల్లో ఎలాగోలా ఒంటిని శుభ్రం చేసుకుని ఆసుపత్రికి వెళ్దామనుకుంది. తీరా చూస్తే ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటుంటే నడుములో మొదటి నొప్పి వచ్చి, పిడికిలి బిగించినట్టు బిగించి వదిలింది. అది మొదలు ఇరవై నిమిషాలకోసారి వస్తోంది. ఇంట్లో చెబితే వెంటనే బయల్దేరమంటారు. బయల్దేరితే ఈ ఒంటితోనే వెళ్ళాలి. అందుకే చెప్పలేదు. పని అయ్యాక చెబుదామనుకుంది.

పని అయ్యేలా లేదు. ఎదురుగా గోడకి చిన్న అద్దం ఆనించి పెట్టింది. పక్కన కత్తెర, రేజరు, సబ్బు, దువ్వెన. బొడ్డు కిందది అద్దంలో అరకొరగా కనబడితే, మిగతాది వేళ్ళతో తడుముకుంటూ కత్తెర ఆడించింది. ఒకచోట చర్మం తెగి చురుక్కుమంది. ఇంకా కాళ్ళున్నాయి. వంగితే ఊపిరాడదు, వంగకపోతే చెయ్యి అందదు. ఎదుటి మనిషి ఒంటి మీద వెంట్రుక ఏ వైపుకి వాలి ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు తను. పెళ్ళికూతుళ్ళ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, మడమల పగుళ్ళు గీకి, గోళ్ళకి రంగులు వేసి పంపింది. అలాంటిది తన మోకాళ్ళ కింద ఏముందో రెండు నెలలుగా చూసుకోలేదు. సాక్సులు కూడా ఆడపడుచే తొడుగుతోంది. ఆ పిల్ల మహా సిగ్గరి, తొడిగినంతసేపూ ముఖం గోడవైపే తిప్పుకుంటుంది.

కాలి గోళ్ళు తియ్యమని పదిరోజుల కిందట మొగుణ్ణి అడిగింది. అతను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. ఆవగింజంత మరలు కూడా వణక్కుండా బిగించే చేతులు. "ఏవండీ, గోళ్ళు కాస్త తీసి పెడతారా? నాకు అందట్లేదు" అంటే, "రా, రా, మహారాణీ" అని కూర్చున్నాడు. కుడికాలి బొటనవేలు తీశాడు, దాని పక్క వేలు తీశాడు. ఇంతలో ఎవరో ఫోన్ చేశారు. ఫోన్లో మాట్లాడుతూ లేచి వెళ్ళినవాడు మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. మర్నాడు గుర్తుచేస్తే "నిన్న తీశాగా!" అన్నాడు. నిజంగానే తీశాననుకుంటున్నాడు. ఎనిమిది గోళ్ళూ అలాగే ఉండిపోయాయి.

అదే రోజు ఆమె కాళ్ళు చూసి ఓ జోకు కూడా వేశాడు. "పార్లర్ దాని కాళ్ళే ఇలా ఉంటే ఎలాగే? 'రిపేరులో ఉంది' అని బోర్డు తగిలించుకో." అతను నవ్వాడు. లోపల్నుంచి అత్తయ్య కూడా నవ్వింది. తనూ నవ్వింది. నవ్వకపోతే 'ఈ మధ్య నీకు ప్రతిదానికీ రోషమే' అంటాడని తెలుసు. నవ్వాక మాత్రం ధైర్యం చేసి, "మీరే కాస్త సాయం చెయ్యకూడదూ" అంది. "ఛీ, నేనా? నువ్వు రోజూ చేసే పనేగా! పైగా అక్కడెవరు చూడొచ్చారు?"

అక్కడ చూసేవాళ్ళే అంతా. ఆ మాట అతనికెలా చెప్పాలో తెలియలేదు.

ఏడో నెలలో పరీక్షకి వెళ్ళినప్పుడు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. తెర వెనక ఎవరో ఒకావిడ మంచమెక్కింది. ఆయా గొంతు ఖంగున వినిపించింది: "ఏమ్మా, మీ ఇంట్లో కత్తెర లేదా? పొలం దున్నకుండా వదిలేసినట్టు వదిలేశావు!" బెంచీ మీదున్న వాళ్ళంతా కిసుక్కున నవ్వారు. పార్లరమ్మాయి కూడా నవ్వింది. ఆవిడ తెర తీసుకుని బయటికి వచ్చి, ఎవరివైపూ చూడకుండా, చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయింది. చెప్పులు తొడుక్కునే కాసేపైనా అక్కడ నిలబడలేకపోయింది. ఆ రాత్రి పడుకోబోతూ పార్లరమ్మాయి అనుకుంది, నన్ను మాత్రం ఆ మాట అననివ్వకూడదు అని. తనూ నవ్వింది కాబట్టే ఆ భయం ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం నాలుగుసార్లు చదివింది. ఫైలు తేవాలి, పాత దుప్పట్లు రెండు తేవాలి, గోళ్ళరంగు తీసేసి రావాలి. వెంట్రుకల సంగతి అందులో ఒక్క ముక్క లేదు. ఆ మాటే అత్తయ్యతో అంటే, "అన్నీ కాగితం మీద రాస్తారా ఏంటి? మనకుండాలి" అంది. అప్పట్నించి రోజుకోసారి అడుగుతోంది. కోడలి బీపీ ఎంతుందో ఎప్పుడూ అడగలేదు గానీ, "శుభ్రం అయిందా?" అని మాత్రం అడుగుతుంది, పొయ్యి మీద పాలు దించావా అన్నట్టు.

బకెట్ మీద కూర్చుని ఇవన్నీ తలుచుకుంటుంటే మరో నొప్పి వచ్చింది. కుళాయి పట్టుకుని, పళ్ళ బిగువున దాన్ని దాటించింది. పళ్ళతో పట్టి ఉంచడం తనకి అలవాటే. కనుబొమలు తీసే దారం ఒక కొసని తొమ్మిదేళ్ళుగా పళ్ళ మధ్యే పట్టుకుంది. దారం పళ్ళ మధ్య ఉన్నప్పుడు మాట్లాడ్డానికుండదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వినడమే. అందుకే వీధిలో సగం మంది ఆడవాళ్ళ గుట్టు తన దగ్గరుంది.

దారం పళ్ళ మధ్యకి తీసుకునే ముందు మాత్రం ఒక మాట అనాలి. పార్లర్ మేడమ్ పనిలో చేరిన మొదటిరోజే నేర్పింది. "ఇదిగో పిల్లా, కత్తెర పట్టడం తర్వాత నేర్చుకోవచ్చు. ముందు అయ్యో అనడం నేర్చుకో. కస్టమర్ కుర్చీలో కూర్చోగానే ముఖం దగ్గరికి వంగు. ఒక్క క్షణం ఆగు. అప్పుడు అను, 'అయ్యో, ఇలా అయిపోయిందేంటండీ!' అని. అంతే. ఇక ఆ తర్వాత నువ్వేం చెబితే అది చేయించుకుంటారు." పార్లరమ్మాయి అద్దం ముందు నిలబడి సాధన చేసింది. మరీ గట్టిగా అనకూడదు, కోపమొస్తుంది. మరీ మెల్లగా అన్నా లాభం లేదు, వినబడదు. సొంత చెల్లెలు అన్నట్టుండాలి. నెల తిరక్కముందే ఆమె అయ్యో మేడమ్ అయ్యోని మించిపోయింది.

అయ్యో అనగానే అందరూ ఒకే మాట అనేవాళ్ళు. "సారీ అండీ, తీరిక దొరకలేదు." "సారీ అండీ, పిల్లలతో సరిపోతోంది." ఎందుకు సారీ చెబుతున్నారో వాళ్ళూ ఆలోచించలేదు, వింటున్న తనూ ఆలోచించలేదు. ఒకావిడ మాత్రం గుర్తుండిపోయింది. ఎడమ కనుబొమ మధ్యలో పాత దెబ్బ తాలూకు సందు, చీమ నడిచేంత దారి ఉంది. కనుబొమలు మాత్రం తీయించుకుందామని వచ్చింది. పార్లరమ్మాయి ఆమె పైపెదవి వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, "అయ్యో!" అంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. "సారీ అండీ, డ్యూటీలో మాస్క్ వేసుకుంటాం కదా, ఎవరూ చూడరని వదిలేశాను" అంది. చేయించుకుంది. మళ్ళీ రాలేదు. ఒకసారి వచ్చి మళ్ళీ రాని కనుబొమ అని గుర్తు, అంతే.

తలుపు మీద దబదబా బాదింది అత్తయ్య. "ఏమ్మా, లోపల నిద్రపోయావా ఏంటి? గంటైంది."

"వస్తున్నా అత్తయ్యా. కాళ్ళు అందట్లేదు."

"మరి చెప్పవేం? ఒసేయ్ చిన్నదానా, ఆ పుస్తకం అక్కడ పడేసి వదినకి సాయం చెయ్యి పో."

ఆడపడుచు వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. పార్లరమ్మాయి నైటీ మోకాళ్ళ దాకా లాక్కుని గడియ తీసింది. పిల్ల లోపలికి వచ్చి గోడకి అతుక్కుని నిలబడింది.

"కాళ్ళకి రేజరు పెట్టాలి, గోళ్ళు తియ్యాలి. అంతే" అంది పార్లరమ్మాయి.

"నాకు రాదు వదినా."

"నేను చెబుతాగా. సబ్బు రాసి, కింద నుంచి పైకి లాగడమే."

"నేను కళ్ళు మూసుకుని చేస్తా."

"కళ్ళు మూసుకుని రేజరు పడితే, నన్ను ఆ ఆసుపత్రికి కాదు, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

పిల్లకి నవ్వాగలేదు. నవ్వుతూనే నేల మీద గొంతుకూర్చుంది. వదిన పాదాన్ని రెండు చేతులతో ఎత్తి, ముట్టుకుంటే పగిలిపోయే వస్తువులా ఒళ్ళో పెట్టుకుంది. సాక్సు లాగింది. లాగి, అలాగే ఆగిపోయింది.

ఆ ఆగడం పార్లరమ్మాయికి బాగా తెలుసు. వంగడం, ఒక్క క్షణం ఆగడం. తర్వాత ఏ మాట వస్తుందో తెలుసు. సిద్ధంగా ఉన్న సారీ నాలుక కొస దాకా వచ్చేసింది.

"అయ్యో!" అంది ఆడపడుచు. "అయ్యో వదినా, ఈ గీత చూడు ఎంత లోతుగా దిగిపోయిందో! నొప్పిగా లేదా?"

పార్లరమ్మాయికి ముందు అర్థం కాలేదు. ఉబ్బిన కాలి మీద సాక్సు పట్టీ కోసుకుపోయి, చీలమండ చుట్టూ ఎర్రటి గాడి పడి ఉంది. పిల్ల చూసింది దాన్ని. మీద ఉన్న వెంట్రుకల మాట ఎత్తనేలేదు. బొటనవేలితో ఆ గాడిని మెల్లగా రుద్దుతోంది. "నేనేగా రోజూ తొడుగుతున్నాను. ఇటు చూసి ఉంటే తెలిసేది. ఇంత బిగుతుగా ఉందని చెప్పొచ్చుగా వదినా."

ఎన్ని వేలసార్లు అని ఉంటుంది తను ఆ మాట. అనడంలో ఊరంతటికీ తనే మేటి. కానీ ఆ మాట ఇలా ఉంటుందని, అన్న తర్వాత చెయ్యి ఇలా వచ్చి నొప్పి ఉన్నచోట ఆనుతుందని ఇవాళే తెలిసింది. చిన్నప్పుడు కిందపడితే అమ్మ అన్నది ఈ అయ్యోనే కదా. దాన్ని తీసుకెళ్ళి పార్లర్లో ఏ పనికి పెట్టింది తను? అంతమంది ఆడవాళ్ళు సారీ చెప్పి లేచిపోయారు. ఒక్కళ్ళనైనా ఎక్కడ నొప్పిగా ఉందో అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే సబ్బు పడిందంది.

"సబ్బింకా రాయనేలేదే" అంది పిల్ల, అమాయకంగా.

రాదంది గానీ, పనిలోకి దిగాక పిల్ల చెయ్యి చక్కగా ఆడింది. ఎడమకాలు మోకాలి దాకా గీత తప్పకుండా చేసింది. ఆ కాలి గోళ్ళు అయిదూ తీసింది. కుడికాలు ఒళ్ళోకి తీసుకుని, "ఇదేంటి, రెండు వేళ్ళకే తీసి ఉన్నాయి?" అంది.

"మీ అన్నయ్య కళాఖండం."

పిల్ల నవ్వుతుండగానే వచ్చింది నొప్పి, ఇప్పటిదాకా వచ్చినవాటికి పెద్దక్కలాంటిది. కుళాయి పట్టుకున్న చెయ్యి జారి అద్దం మీద పడింది. పళ్ళ బిగువు సరిపోలేదు. నోట్లోంచి వచ్చిన అరుపు తనదేనని కాసేపటికి గానీ తెలియలేదు.

"వదినా, మొదలయ్యాయా?" పిల్ల ముఖం పాలిపోయింది. "ఎప్పట్నించి?"

"పొద్దున్నుంచి."

"పొద్దున్నుంచా! మరి చెప్పలేదేం?"

"ఇంకొక్క కాలు ఉంది. తొందరగా కానివ్వు, పది నిమిషాలే పడుతుంది."

ఎప్పుడూ గోడకీ తలుపుకీ అతుక్కుని ఉండే పిల్ల, ఆ క్షణాన లేచి నిలబడింది. చేతిలో రేజరు తీసుకెళ్ళి, ముని వేళ్ళ మీద లేచి, వదినకి అందనంత ఎత్తులో ఉన్న వెంటిలేటరు గూట్లో పెట్టేసింది. "ఒక్క కాలి కోసమా వదినా? లోపల దానికేమన్నా అయితే?" అంది. ఆ పిల్ల గొంతు పెరగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. మరుక్షణం ఇల్లు దద్దరిల్లేలా కేకేసింది. "అమ్మా! అన్నయ్యా! వదినకి నొప్పులు!"

అత్తయ్య తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. అప్పటికే నేల మీద ఉమ్మనీరు. అత్తయ్య చూపు ముందు నీళ్ళ మీద పడింది, తర్వాత కోడలి కాళ్ళ మీద పడింది. "రెండో కాలు?" అంది.

అని, తను ఏమందో తన చెవికే వినబడినట్టు ఉలిక్కిపడింది. కోడలి చంకల కింద చేతులు వేసి లేవనెత్తింది.

కిరాయి కార్లో డ్రైవరు పక్కన మొగుడు, వెనక అత్తాకోడళ్ళు. దారి పొడుగునా అత్తయ్య కోడలి చెయ్యి వదల్లేదు. సగం దూరం వెళ్ళాక, కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నిన్ను అన్నిసార్లు ఎందుకు అడిగాననుకున్నావు? వీడి కాన్పుకి నన్ను అలాగే తీసుకెళ్ళారు, ఉన్నదాన్ని ఉన్నట్టు. బల్ల మీద పడుకోబెట్టాక అక్కడి ఆయమ్మ అంది, 'పశువులు నయం' అని. వీడు పుట్టినప్పుడు బరువెంతో అడుగు, చెప్పలేను. ఏ వారమో కూడా మర్చిపోయాను. ఆ మాట మాత్రం, ఆవిడ గొంతుతో సహా గుర్తుంది. నువ్వా మాట పడకూడదనే కదా నా తాపత్రయం."

మొగుడు వెనక్కి తిరిగాడు. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నీకు చెప్పేదేముందిరా, నువ్వూ అక్కడే ఉన్నావుగా" అంది అత్తయ్య. "ఇంకా బయటికి రాలేదు, అంతే."

అతను మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. తర్వాత, "ఆ రోజు నీ గోళ్ళు అన్నీ తియ్యలేదు కదూ" అన్నాడు మెల్లగా.

"రెండు తీశారు" అంది పార్లరమ్మాయి. ఇంకేదో చెప్పేలోగా నొప్పి వచ్చింది.

ఆసుపత్రిలో పేరూ వయసూ రాసుకుని తెర వెనకకి తీసుకెళ్ళారు. బల్ల ఎక్కింది. మాస్క్ వేసుకున్న నర్సు చేతులు కడుక్కుని వచ్చి దుప్పటి ఎత్తింది. ఒక కాలు నున్నగా, ఒక కాలు ఉన్నది ఉన్నట్టుగా. ఒక కాలికి అయిదు గోళ్ళు తీసి, ఇంకోదానికి రెండే. నర్సు ఒక్క క్షణం ఆగింది. పార్లరమ్మాయి ఆవిడ ముఖంలోకి చూసింది. మాస్క్ పైన ఎడమ కనుబొమ, మధ్యలో చీమ నడిచేంత దారి.

ముఖాలు మర్చిపోతుంది గానీ కనుబొమల్ని మర్చిపోదు తను. ఇన్నాళ్ళూ ఎవరో ఒక ఆయాకి భయపడింది. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషికి తిరిగి అనే హక్కు కూడా ఉంది. అంటే పడాల్సిందే.

"ఈ గాటేంటి?" అంది నర్సు.

"కత్తెర తగిలింది."

"ఎవరు చెయ్యమన్నారు ఇదంతా? మా కాగితంలో లేదే."

పార్లరమ్మాయి ఆలోచించింది. డాక్టరు అనలేదు, కాగితం అనలేదు. "ఎవరూ అనలేదు" అంది. మళ్ళీ, "అందరూ అన్నారు" అంది.

నర్సు దూదితో గాటు తుడిచి, "మండుతోందా?" అని అడిగింది. కాన్పు దారి ఎంత తెరుచుకుందో చూసి, "టైమెక్కువ లేదు, పదండి" అని చక్రాల మంచం తెప్పించింది.

కాన్పుల గది గుమ్మం దగ్గర అత్తయ్య మంచానికి అడ్డంగా వచ్చింది. గొంతు చిన్నది చేసుకుని, "సిస్టరమ్మా, ఏమీ అనుకోకండి. పిల్లని ఏమీ అనకండి. శుభ్రం చేసుకుంటుండగానే నొప్పులు..." అంటోంది. ముప్ఫై ఏళ్ళ కిందట తన తరఫున ఎవరూ చెప్పని మాట ఇప్పుడు కోడలి తరఫున చెబుతోంది.

"వద్దు అత్తయ్యా. దానికి సారీ చెప్పకండి" అంది పార్లరమ్మాయి. తర్వాత నర్సు వైపు తిరిగింది. "సిస్టర్, నేను చెప్పాలి సారీ. కాళ్ళకి కాదు, మీ పైపెదవికి."

మంచం తోస్తున్న చెయ్యి ఆగింది.

"నేను పార్లర్లో పనిచేస్తాను. మీరోసారి వచ్చారు. అయ్యో అన్నాను. అనాల్సినంత ఏమీ లేదక్కడ. అందరితో అలాగే అనేదాన్ని. ఇంకెప్పుడూ అనను."

నర్సు వేళ్ళు మాస్క్ అంచు దాకా వెళ్ళి, తాకి, వెనక్కి వచ్చాయి. "నాలుగేళ్ళయింది" అంది. "మా చెల్లెలి పెళ్ళి ఫొటోలన్నిట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాను."

పర్వాలేదు అనలేదు. పార్లరమ్మాయి కూడా ఆ మాట కోసం చూడలేదు. నొప్పి మళ్ళీ అలలా లేస్తుంటే చెయ్యి చాపింది. నర్సు ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు పళ్ళు బిగించకు. నోరు తెరువు. ఎంత గట్టిగా అరవాలనిపిస్తే అంత గట్టిగా అరువు" అంది.

"అది కాదు సిస్టరమ్మా, ఆ రెండో కాలు..." అంటూ గుమ్మంలోకి వంగింది అత్తయ్య.

"ఈ గదిలో బిడ్డ తల మీదవి తప్ప ఇంకెవరి వెంట్రుకలూ మేం చూడమమ్మా" అని నర్సు తలుపు వేసేసింది.